రొట్టె బూజు నేర్పిన పాఠం

నిలవ ఉన్న రొట్టెపైనో, తడి తగిలిన ఊరగాయ జాడీలోనో బూజు కనిపించగానే దానిని పారవేయడం లోకసహజం. బూజు అంటే అందరికీ ఏవగింపే. అయితే ఇరవయ్యో శతాబ్దపు జీవశాస్త్రంలో మహోన్నతమైన అధ్యాయాలలో ఒకటి అటువంటి రొట్టె బూజు ఆధారంగానే రూపొందింది. జీవకణంలోని జన్యువులు ఏ పని చేస్తాయి? ఎప్పుడు చేస్తాయి? ఎప్పుడు మౌనం వహిస్తాయి? ఈ ప్రశ్నలకు సమాధానాలు వెదకడంలో శాస్త్రజ్ఞులకు ఎంతగానో తోడ్పడిన ఆ శిలీంధ్రం పేరు న్యూరోస్పోరా క్రాసా.

శాస్త్రలోకానికి ఈ బూజు తొలుత ఒక బెడదగానే పరిచయమైంది. ఫ్రాన్సు దేశపు రొట్టెల బట్టీలలో నారింజ రంగు బూజు విపరీతంగా వ్యాపించగా, దానిని పరిశీలించిన వారు 1843లో నివేదిక వెలువరించారు. ఒకచోట బెడద అయినది మరొకచోట ఆహారం కావడం విశేషం. నూనె తీయగా మిగిలిన వేరుసెనగ పిండిపై ఈ ప్రజాతికి చెందిన బూజును పెంచి, జావా ద్వీపవాసులు ‘ఒంచొమ్’ అనే వంటకాన్ని తయారు చేసుకుంటారు. కాల్చిన చెరకు తోటలలోని మోళ్లపై కూడా ఇది నారింజ రంగు పొడివలె కనిపిస్తుంది. నిద్రాణంగా ఉన్న దీని సిద్ధబీజాలను నిప్పు వేడి మేల్కొల్పుతుంది. ఆ సిద్ధబీజాలపై నరాల వంటి చారలు ఉన్నందువల్ల షియర్, డాడ్జ్ అనే శాస్త్రజ్ఞులు 1927లో దీనికి న్యూరోస్పోరా అని నామకరణం చేశారు.

ఈ బూజును జన్యుశాస్త్రపు నడిబొడ్డుకు తెచ్చినవారు అమెరికాలోని స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయానికి చెందిన జార్జ్ బీడిల్, ఎడ్వర్డ్ టాటమ్. బీడిల్ నెబ్రాస్కా రాష్ట్రంలో ఒక రైతు కుటుంబంలో జన్మించాడు. టాటమ్ జీవరసాయన శాస్త్రవేత్త. పండ్ల ఈగ కంటి రంగుకు కారణమైన పదార్థాన్ని కనుగొని, జన్యువు పనితీరును వివరించాలని వారు కొన్ని సంవత్సరాలు శ్రమించారు. కాని 1940లో జర్మనీ శాస్త్రజ్ఞుడు బుటెనాంట్ బృందం ఆ పదార్థాన్ని ముందుగా గుర్తించింది. శ్రమ వృథా అయిందని వారు కుంగిపోలేదు. ఒకనాడు టాటమ్ ఉపన్యాసం వింటుండగా బీడిల్‌కు ఒక ఆలోచన స్ఫురించింది. జన్యువును ముందు తీసుకొని దాని రసాయనాన్ని వెదకడం కంటె, తెలిసిన రసాయనాలను ముందు తీసుకొని వాటి వెనుక ఉన్న జన్యువులను వెదకడం సులభం కదా అన్నదే ఆ ఆలోచన.

అందుకు న్యూరోస్పోరా ఎంతో అనువైనది. కొద్దిపాటి చక్కెర, లవణాలు, బయోటిన్ అనే ఒక విటమిన్ లభిస్తే చాలు, అది పరీక్షనాళికలో ఏపుగా పెరుగుతుంది. తనకు కావలసిన తక్కిన విటమిన్లను, అమైనో ఆమ్లాలను తానే తయారు చేసుకుంటుంది. మానవుని కణాలలో ప్రతి క్రోమోజోమూ జతగా ఉంటుంది. ఒక ప్రతిలో లోపం ఉన్నా రెండవ ప్రతి దానిని కప్పిపుచ్చవచ్చు. న్యూరోస్పోరా తన జీవితంలో అధికభాగం ఏకస్థితిక జీవి, అనగా దాని కేంద్రకాలలో ప్రతి క్రోమోజోమూ ఒక్కటే ఉంటుంది. కాబట్టి జన్యువులో మార్పు వస్తే ఆ లోపం దాగదు, బయటపడుతుంది. ఇటువంటి సౌలభ్యాల వల్ల విస్తృత పరిశోధనకు ఎన్నుకొన్న జీవిని నమూనా జీవి అంటారు.

శాస్త్రజ్ఞులు ఈ బూజుకు ఎక్స్ కిరణాలను సోకించి, దాని సంతతి నుండి సిద్ధబీజాలను ఒక్కొక్కటిగా వేరుచేసి, సకల పోషకాలు గల యానకంలో పెంచారు. తరువాత వాటిని కనీస పోషకాలు మాత్రమే గల యానకంలోకి మార్చి పరీక్షించారు. అక్కడ పెరగలేనిది ఏదో ఒక పదార్థాన్ని తయారు చేసుకునే శక్తిని కోల్పోయిందని అర్థం. అటువంటివి చాలా అరుదుగా లభిస్తే, వరుస వైఫల్యాలకు నిరుత్సాహపడి ప్రయత్నం మానుకుంటామేమోనని వారు శంకించారు. అందుచేత ఒక్కదానినైనా పరీక్షించక ముందే వేయికి పైగా సిద్ధబీజాలను వేరుచేసి పెంచి సిద్ధం చేసుకున్నారు. 299వ సిద్ధబీజం నుండి పెరిగిన బూజు బి6 విటమిన్ అందిస్తేనే పెరిగింది. 1085వ దానికి బి1 విటమిన్ అవసరమైంది.

1941లో ప్రచురితమైన ఈ ఫలితాలు ‘ఒక జన్యువు, ఒక ఎంజైము’ అనే భావనకు దారితీశాయి. ఒక్కొక్క జన్యువు ఒక్కొక్క ఎంజైము తయారీని నిర్దేశిస్తుందని దీని సారాంశం. బీడిల్, టాటమ్‌లు 1958లో జాషువా లెడర్‌బర్గ్‌తో కలిసి నోబెల్ బహుమతి అందుకున్నారు. ఒకే జన్యువు నుండి ఒకటి కంటె ఎక్కువ మాంసకృత్తులు ఏర్పడవచ్చునని తరువాతి పరిశోధనలు తేల్చినా, ఆ భావన వేసిన పునాది చెక్కుచెదరలేదు.

అయితే జన్యువు ఉండడం వేరు, అది పనిచేయడం వేరు. జన్యువులోని సమాచారం ముందుగా ఆర్.ఎన్.ఎ. రూపంలోకి నకలు అవుతుంది. దీనిని అనులేఖనం అంటారు. ఆ నకలును అనుసరించి మాంసకృత్తు తయారవుతుంది. జన్యువులోని సమాచారం ఈ విధంగా కార్యరూపం దాల్చడమే జన్యు వ్యక్తీకరణ. గ్రంథాలయంలో వేల పుస్తకాలు ఉన్నా, పాఠకుడు తనకు అవసరమైన పుస్తకాన్నే తెరుస్తాడు. కణం కూడా అంతే. ఏ జన్యువును ఎప్పుడు చదవాలో నిర్ణయించే ఏర్పాట్లు దానిలోనే ఉన్నాయి.

ఈ విషయాన్ని న్యూరోస్పోరా కంటికి కనిపించేలా చూపుతుంది. చీకటిలో పెరిగిన దీని తంతువులు పాలిపోయి ఉంటాయి. నీలి కాంతి సోకితే నారింజ రంగు సంతరించుకుంటాయి. ‘వైట్ కాలర్’ అనే పేరు గల రెండు మాంసకృత్తులు జతగా ఉండి, వెలుతురును పసిగట్టి, డి.ఎన్.ఎ.పై నిర్దిష్ట స్థానాల వద్ద అనులేఖనాన్ని పురికొల్పుతాయి. నిమిషాల వ్యవధిలోనే రంగును తయారుచేసే జన్యువులు మేల్కొంటాయి. ఆ జతలో లోపం ఉంటే జన్యువులు ఉండి కూడా తంతువులకు రంగు రాదు.

పూర్తి చీకటిలో ఉంచినా ఈ బూజుకు కాలజ్ఞానం ఉంటుంది. పొడవాటి గాజు గొట్టంలో పెంచినప్పుడు, ఇందుకు ఎంచుకున్న రకపు బూజు సుమారు 22 గంటలకు ఒకసారి సిద్ధబీజాల పట్టీని ఏర్పరుస్తుంది. ‘ఫ్రీక్వెన్సీ’ అనే జన్యువు ఈ లయలో ముఖ్యపాత్ర వహిస్తుంది. దాని నుండి ఏర్పడిన మాంసకృత్తు పోగుపడి తన జన్యువునే అణచివేస్తుంది. ఆ మాంసకృత్తు క్షీణించగానే జన్యువు తిరిగి పనికి పూనుకుంటుంది. మానవ శరీరంలో నిద్రను, మెలకువను నియంత్రించే జీవ గడియారంలోని జన్యువులు వేరైనా, సూత్రం ఇటువంటిదే.

1992లో ఇటలీ శాస్త్రజ్ఞులు రొమానో, మచీనో మరొక వింతను ప్రకటించారు. రంగును తయారుచేసే జన్యువుల అదనపు ప్రతులను బూజులో ప్రవేశపెట్టగా, కొన్ని బూజులు రంగు కోల్పోయి తెల్లబడ్డాయి. అదనపు ప్రతులు అసలు జన్యువు నోరు కూడా మూయించాయి. జన్యువులను మౌనంలో ఉంచే ఇటువంటి ప్రక్రియను ఫైర్, మెల్లో 1998లో ఒక నులిపురుగులో వివరించి, 2006లో నోబెల్ బహుమతి పొందారు. ఈ సూత్రంపై పనిచేసే ఔషధాలు 2018 నుండి వాడుకలోకి వచ్చాయి.

2003లో న్యూరోస్పోరా జన్యుపటం వెలువడింది. సుమారు నాలుగు కోట్ల క్షార జతల డి.ఎన్.ఎ.లో దాదాపు పదివేల జన్యువులు ఉన్నట్లు తెలిసింది. నేడు కణంలోని ఆర్.ఎన్.ఎ. మొత్తాన్ని ఒకేసారి చదివి, ఏ క్షణాన ఏ జన్యువులు పనిచేస్తున్నాయో తెలుసుకోవచ్చు. హైదరాబాదులోని కణ, అణు జీవశాస్త్ర కేంద్రంలో దుర్గాదాస్ కస్బేకర్ బృందం కూడా ఈ బూజు జన్యురహస్యాలపై పరిశోధనలు సాగించింది.

పుట్టుకతో వచ్చిన జన్యువులే సర్వస్వమని, అంతా వాటిలోనే లిఖితమై ఉంటుందని భావించేవారు కొందరున్నారు. వెలుతురు సోకితే రంగు మారి, వేడి తగిలితే మేల్కొనే ఈ చిన్న శిలీంధ్రం అందుకు వినయంగా బదులు చెబుతోంది. జన్యువులతో పాటు పరిసరాలూ, కాలమూ కలిసి జీవితాన్ని తీర్చిదిద్దుతాయి. 298 సార్లు ఫలితం లేకున్నా 299వ నాళికను చేతికి తీసుకున్న ఓర్పు వల్లనే ఈ సత్యానికి తలుపులు తెరుచుకున్నాయి.