కుక్క కరచినదని బిడ్డ మనతో చెప్పునా?



2023 ఫిబ్రవరిలో హైదరాబాదులోని అంబర్‌పేటలో వీధికుక్కలు 4 ఏండ్ల బాలుని చంపినవి. అక్షరాభ్యాసమునకు పసిబిడ్డలు వచ్చు మన బాసరలోనూ వీధికుక్కలు కలవు.

తినుచున్న, నిద్రించుచున్న, కూనలకు పాలిచ్చుచున్న కుక్కను ముట్టరాదని బిడ్డలకు నేర్పుదము. రాళ్లు రువ్వనీయకుడి; దానికిని నొప్పి కలదు. అది మీదికి వచ్చినచో పరుగెత్తక, దాని కండ్లలోకి చూడక, చేతులు దగ్గరగా ముడుచుకొని చెట్టువలె నిలువవలెను.

అయితే మేము ఎక్కువగా భయపడునది వేరొకటి. తిట్లకు జడిసి బిడ్డలు గాటును దాచుదురు. రేబిస్ లక్షణములు కనబడిన తరువాత బ్రతుకుట దాదాపు అసాధ్యము. గాయమునకు కారము, సున్నము పూయకుడి. సబ్బుతో, ధారగా పడు నీటితో 15 నిమిషములు కడిగి, ఆ దినమే టీకా కొరకు ప్రభుత్వ ఆసుపత్రికి తీసుకొనిపొండి. గోటితో గీరినను అంతే. ఎందుకు వెళ్లితివని అడుగుట తరువాత చూచుకొనవచ్చును.