చదరంగపు గడుల లెక్క



చదరంగపు బల్లపై అఱువదినాలుగు గడులున్నవి. మొదటి గడిలో ఒక గింజ, రెండవదానిలో రెండు, మూడవదానిలో నాలుగు, ఇట్లు గడిగడికి ఇబ్బడిగా నుంచుచు పోయినచో మొత్తము గింజలెన్ని? 1,84,46,74,40,73,70,95,51,615. ఇది ఇరువది స్థానముల సంఖ్య.

మన భాషకు నిది క్రొత్త కాదు. మహావీరాచార్యుని సంస్కృత గణితగ్రంథమును తెనిగించిన పావులూరి మల్లన పేర ప్రసిద్ధమైన యొక పద్యమున నీ సంఖ్య యున్నది. చంద్రుడన్న 1, వేదములన్న 4, బాణములన్న 5, కొండలన్న 7, ఆకాశమన్న సున్న. ఒకట్ల స్థానము మొదలుకొని యెడమకు నడచుట పూర్వుల మర్యాద. కావున నీ సంఖ్య పద్యమున బాణములతో మొదలై చంద్రునితో ముగియును.

అయితే తాటాకు వ్రాతలో నొక్క మాట మాఱినను లెక్క చెడును. పెద్దలు చెప్పిరని నమ్మి యూరకుండవలెనా? అక్కఱలేదు. దీనిని పరీక్షించుటకు పలకయు బలపమును చాలును.

మొదటి నాలుగు గడులలో 1, 2, 4, 8, మొత్తము 15. అయిదవ గడిలో 16 గింజలు. అనగా మొదటి గడికి 16 రెట్లు. ఆఱవది రెండవదానికి, ఏడవది మూడవదానికి, ఎనిమిదవది నాలుగవదానికి నట్లే 16 రెట్లు. కావున రెండవ నాలుగు గడుల మొత్తము 15కు 16 రెట్లు. రెండును కలిపిన 15కు 17 రెట్లు, అనగా 255. గడులు రెట్టింపైనప్పుడెల్ల, ఉన్న మొత్తమును దానికంటె రెండెక్కువైన సంఖ్యచే గుణింపవలెనని తేలినది.

పదునాఱు గడులకు 255ను 257చే గుణింప 65,535. ముప్పదిరెండు గడులకు దానిని 65,537చే గుణింప 4,29,49,67,295. దీనిని 4,29,49,67,297చే గుణించినచో మల్లన సంఖ్య వచ్చి తీరును. బడిలో నేను పిల్లలచేత నీ గుణకారమును చేయించుచుండెడివాడను. అఱువదినాలుగు కూడికలు ఆఱు మెట్లలో ముగియుట చూచి వారు సంతోషించెడివారు.

ఇందలి గుణకములు 3, 5, 17, 257, 65,537. ఒకటియు, తానును తప్ప వేఱేదియు వీనిని నిశ్శేషముగా భాగింపదు. చివరిదియైన 4,29,49,67,297 కూడ నట్టిదే యని పదునేడవ శతాబ్దమున ఫ్రాన్సు దేశపు మహాగణితజ్ఞుడు ఫెర్మా తలంచెను. 1732లో ఆయిలరు అనునాతడు దానిని 641చే భాగించి, 67,00,417 లబ్ధమనియు, శేషము సున్న యనియు చూపెను. ఫెర్మా కీర్తికి లోపము రాలేదు గాని, ఆ కీర్తి భాగహారమునకు అడ్డు నిలువలేదు.

పద్యము సంఖ్యను దాచిపెట్టినది. గుణకారము దానికి సాక్ష్యము పలుకుచున్నది. తీరిక వేళ మీ యింటి పిల్లలను చేరదీసి, పలకపై నీ ఆఱు మెట్లును ఎక్కింపుడు. వారు నా మాటను నమ్మనక్కఱలేదు. లెక్కనే నమ్ముదురు గాక.