ఎచ్చటనుండి గ్రహించితిమి?

మన బాలబాలికలు వ్యాసములు వ్రాయునపుడు పెక్కు గ్రంథములు చూచుచున్నారు. ఇది సంతోషింపదగినదే. కాని యే విషయ మే గ్రంథమునుండి గ్రహింపబడెనో తెలుపువారు కొలదిమందియే. ఇట్లు తెలుపుట యేల యవసరమో, ఎట్లు తెలుపవలెనో యిచ్చట సంగ్రహముగా వివరింప నుద్దేశించితిమి.

మొదటి కారణము ఋణము. ఒకరు శ్రమపడి కనుగొన్నదానిని మనదిగా చెప్పుకొనుట పరుల సొత్తు హరించుటయే. భారతరచనమున తనకు నారాయణభట్టు తోడ్పడెనని నన్నయభట్టు గ్రంథారంభముననే చెప్పియున్నాడు. ఆదికవికి లేని సంకోచము మన కేల?

రెండవ కారణము సత్యము. వేమన పేర వాడుకలోనున్న పద్యము లన్నియు నాతనివి కావని పండితుల యభిప్రాయము. ఆ మకుటము తగిలించి యెవరైనను పద్యము చెప్పవచ్చును గదా! చార్లెస్ ఫిలిప్ బ్రౌనుదొర 1829లో వేమన పద్యములను ప్రకటించుటకు ముందు పెక్కు వ్రాతప్రతులను సంపాదించి పోల్చి చూచెను. ప్రతి యేదో తెలిసినప్పుడే పద్య మెవరిదో విచారించుటకు వీలగును. “పెద్దలు చెప్పిరి” అన్నచో విచారణ యచ్చటనే నిలిచిపోవును. నేడు కర్త పేరు లేకయే అంతర్జాలమున వ్యాపించు మాటలకును ఇదియే న్యాయము.

ఇక పద్ధతి. “ఇది భారతమున నున్నది” అనుట చాలదు. ఆంధ్రభారతమునకు 18 పర్వములు. రచించిన కవులు ముగ్గురు. పర్వము, ఆశ్వాసము, పద్యసంఖ్య చెప్పినచో చదువరి శ్రమలేక చూచుకొనగలడు. 1936లో మొదటి సంపుటము వెలువడిన సూర్యరాయాంధ్ర నిఘంటువును తెరచి చూడుడు. పదమున కర్థ మిచ్చి యూరకొనక, కవిప్రయోగమును, అది యున్న తావును సంకేతాక్షరములతో చూపును. వచనగ్రంథమైనచో కర్త పేరు, గ్రంథనామము, ప్రకాశకులు, ముద్రణ సంవత్సరము, పుటసంఖ్య వ్రాయవలెను. కూర్పు మారినచో పుటలు మారును గనుక సంవత్సరమును విడువరాదు.

ఉన్నదున్నట్లు ఎత్తి వ్రాసిన మాటలకు ఉద్ధరణచిహ్నము లుంచవలెను. మాటలు మార్చి భావమును మాత్రమే గ్రహించినను మూలము చెప్పక తప్పదు. మూలమును తాము చూడక మరియొకరి గ్రంథమున చదివినచో, తాము చదివిన యా గ్రంథమును కూడ పేర్కొనవలెను. చూడనిదానిని చూచినట్లు వ్రాయుట యసత్యము. సూర్యుడు తూర్పున నుదయించునను వంటి సర్వవిదిత విషయములకు మాత్రము ఆధార మక్కరలేదు.

వ్యాసము ముగిసిన పిమ్మట మూలములు వెదకుట మిక్కిలి కష్టము. కావున చదువునపుడే గ్రంథము పేరును, పుటసంఖ్యను పుస్తకమున గుర్తించుకొనుట మేలు. తలిదండ్రులును పిల్లల వ్యాసమును చూచి, “బాగుగా వ్రాసితివి” అనుటతో నిలువక, “ఇది యెచ్చట చదివితివి?” అనికూడ అడుగుదురు గాక! ఆ ప్రశ్నకు తడవుకొనక బదులు చెప్పగల విద్యార్థి మాటను రేపు లోకము నమ్మును.