పొగను పసిగట్టే పరికరానికీ ఆయుర్దాయం ఉంది

(ప్రత్యేక వ్యాసం)

హైదరాబాద్: పాతబస్తీలోని గుల్జార్ హౌజ్ వద్ద 2025 మే 18వ తేదీ ఆదివారం ఉదయం ఒక నివాస భవనంలో సంభవించిన అగ్ని ప్రమాదం 17 మంది ప్రాణాలను బలిగొన్నది. మృతులలో ఎనిమిది మంది చిన్నారులు. అంతకు ముందు 2023 నవంబరు 13వ తేదీన నాంపల్లి బజార్‌ఘాట్‌లోని ఒక అపార్టుమెంటులో కింది భాగాన నిల్వ ఉంచిన రసాయనాలు అంటుకొని, పై అంతస్తులను పొగ కమ్మివేయగా తొమ్మిది మంది కన్నుమూశారు. ఈ రెండు దుర్ఘటనలలోనూ ఎక్కువ మంది ఊపిరాడకనే మరణించారు. మంట చేరకముందే పొగ చేరింది.

పొగ వాసనకు మెలకువ వస్తుందని చాలామంది భావిస్తారు. గాఢ నిద్రలో ఉన్నవారికి ఆ వాసన తెలియదు. పైగా పొగలో కలిసి ఉండే కార్బన్ మోనాక్సైడ్ వాయువు నిద్రను మరింత మత్తుగా మారుస్తుంది. ఇటువంటి సమయంలో ఇంటిల్లిపాదినీ లేపగలిగినది పైకప్పుకు అమర్చిన ఒక చిన్న హెచ్చరిక పరికరం మాత్రమే. బహుళ అంతస్తుల భవనాల నిర్మాణం పెరిగిన కొద్దీ ఈ పరికరాలు మన నగరాలలోనూ ఇళ్లలోకి వచ్చాయి. అయితే ఒకసారి బిగించిన పరికరం ఎల్లకాలం పనిచేస్తుందన్న అపోహ ప్రజలలో నెలకొని ఉంది. గడువు తీరిన పరికరం పైకప్పున కనిపిస్తూనే ఉంటుంది. ఆపద వేళ మాత్రం మోగకపోవచ్చు.

పనిచేసే తీరు

పొగ హెచ్చరిక పరికరాలు, అనగా స్మోక్ డిటెక్టర్లు, ముఖ్యంగా రెండు రకాలు. ఫోటో ఎలక్ట్రిక్ రకంలో ఒక చిన్న గదిలో కాంతి కిరణం ప్రసరిస్తూ ఉంటుంది. పొగ రేణువులు లోనికి ప్రవేశించినప్పుడు ఆ కాంతి చెదరి సెన్సార్‌పై పడుతుంది, వెంటనే అలారం మోగుతుంది. పరుపు, సోఫా, విద్యుత్ తీగల తొడుగు వంటివి మంట లేకుండా రాజుకొంటూ దట్టమైన పొగను వెలువరించే సందర్భాలలో ఈ రకం త్వరగా స్పందిస్తుంది. అయొనైజేషన్ రకంలో అమెరీషియం-241 అనే రేడియోధార్మిక పదార్థం అతి స్వల్ప పరిమాణంలో ఉంటుంది. ఇది భగ్గున లేచే మంటలను ముందుగా గుర్తిస్తుంది. రెండు విధానాలూ కలిసిన పరికరాలు కూడా లభిస్తున్నాయి.

పదేళ్ల గడువు

ఇళ్లలో విడిగా అమర్చుకొనే పొగ హెచ్చరిక పరికరాలను తయారైన తేదీ నుంచి పదేళ్లకు విధిగా మార్చాలని అమెరికాలోని జాతీయ అగ్ని రక్షణ సంఘం (ఎన్.ఎఫ్.పి.ఎ.) రూపొందించిన 72వ ప్రమాణం నిర్దేశిస్తున్నది. తయారీదారులు కూడా సాధారణంగా ఇదే గడువును సూచిస్తున్నారు. ఇక్కడ గమనించవలసిన అంశం ఒకటి ఉంది. గడువును లెక్కించవలసినది కొనుగోలు చేసిన తేదీ నుంచి కాదు, పరికరం వెనుక భాగాన ముద్రించిన తయారీ తేదీ నుంచి. అంగడిలో రెండేళ్లు నిల్వ ఉన్న పరికరాన్ని కొన్నవారికి మిగిలేది ఎనిమిదేళ్లే. తేదీ కనిపించని పరికరాన్ని గడువు తీరినదిగానే పరిగణించి మార్చడం శ్రేయస్కరం.

ఏళ్లు గడిచిన కొద్దీ పరికరంలోని కాంతి గదిలో దుమ్ము పేరుకొంటుంది, సాలెపురుగులు గూళ్లు కడతాయి, చిన్న పురుగులు లోనికి చేరతాయి. ఎలక్ట్రానిక్ భాగాలు అరుగుతాయి. ఫలితంగా కొన్ని పరికరాలు కారణం లేకుండానే మోగుతాయి, మరికొన్ని పొగ చుట్టుముట్టినా మౌనంగా ఉండిపోతాయి. కారణం లేకుండా మోగేదాని బ్యాటరీని విసుగుతో తీసివేయడం సర్వసాధారణం. ఆ క్షణం నుంచి ఆ ఇంటికి రక్షణ లేనట్లే. అమెరికాలో 2014 నుంచి 2018 వరకు జరిగిన గృహ అగ్ని ప్రమాదాలను ఎన్.ఎఫ్.పి.ఎ. విశ్లేషించగా, ప్రతి ఐదు మరణాలలో దాదాపు మూడు, పరికరం అసలు లేని ఇళ్లలో గాని, ఉన్నా పనిచేయని ఇళ్లలో గాని సంభవించినట్లు తేలింది.

బ్యాటరీ క్షీణించినప్పుడు పరికరం నిమిషానికి ఒకటి రెండుసార్లు కీచుమని శబ్దం చేస్తుంది. కొత్త బ్యాటరీ వేసిన తరువాత కూడా ఆ శబ్దం ఆగకపోతే పరికరం గడువు తీరిందని అనుమానించాలి. పదేళ్లపాటు పనిచేసే, తెరవడానికి వీలులేని లిథియం బ్యాటరీ గల పరికరాలు వచ్చిన తరువాత మధ్యలో బ్యాటరీ మార్చే శ్రమ తప్పింది. బ్యాటరీని గోడ గడియారంలోకో, ఆట బొమ్మలోకో వాడుకొనే అలవాటుకు కూడా వీటితో అడ్డుకట్ట పడుతుంది.

కంటికి కనిపించని వాయువు

కార్బన్ మోనాక్సైడ్ వాయువుకు రంగు, రుచి, వాసన లేవు. గ్యాస్, బొగ్గు, కట్టెలు, డీజిల్ వంటి ఇంధనాలు చాలినంత గాలి లేకుండా మండినప్పుడు ఇది ఉత్పత్తి అవుతుంది. రక్తంలోని హిమోగ్లోబిన్‌తో ఇది ఆక్సిజన్ కంటే 200 రెట్లకు పైగా గట్టిగా బంధం ఏర్పరుస్తుంది. అందువలన శరీరానికి ఆక్సిజన్ అందదు. తలనొప్పి, కళ్లు తిరగడం, వికారం, నీరసం తొలి లక్షణాలు. వీటిని పైత్యంగానో, జ్వరంగానో పొరబడటం వల్ల విలువైన సమయం వృథా అవుతుంది.

మన రాష్ట్రంలో చలిమంటకు ఇల్లంతా వేడిచేసే యంత్రాలు లేవు కనుక ఈ ముప్పు మనకు లేదని అనుకోవడం పొరపాటు. గాలి వెలుతురు లేని స్నానాల గదిలో బిగించిన గ్యాస్ గీజర్, చలికాలంలో తలుపులు మూసిన గదిలో ఉంచిన బొగ్గుల కుంపటి, విద్యుత్ పోయినప్పుడు వరండాలోనో, మెట్ల కిందనో నడిపే జనరేటర్ ఈ వాయువును వెలువరిస్తాయి. గ్యాస్ గీజర్‌ను స్నానాల గది వెలుపల, గాలి ధారాళంగా ఆడే చోట మాత్రమే అమర్చాలి.

కార్బన్ మోనాక్సైడ్‌ను గుర్తించే పరికరాలలో సాధారణంగా ఎలక్ట్రో కెమికల్ సెన్సార్ ఉంటుంది. దానిలోని రసాయన ద్రవం కాలక్రమంలో సత్తువ కోల్పోతుంది. అందుచేత వీటి ఆయుష్షు నమూనాను బట్టి ఐదు నుంచి పదేళ్లు మాత్రమే. పరీక్ష బటన్ నొక్కినప్పుడు మోగితే బ్యాటరీ, సర్క్యూట్, మోత బాగున్నాయని మాత్రమే అర్థం. సెన్సార్‌కు వాయువును పసిగట్టే శక్తి మిగిలి ఉందని కాదు. కనుక తేదీయే ప్రమాణం. పొగ, కార్బన్ మోనాక్సైడ్ రెండింటినీ గుర్తించే జంట పరికరం కొన్నవారు, రెండు సెన్సార్లలో దేని గడువు ముందు తీరుతుందో ఆ తేదీకే పరికరాన్ని మార్చుకోవాలి.

ఒకటి మరొకదానికి బదులు కాదు

పొగ పరికరం కార్బన్ మోనాక్సైడ్‌ను గుర్తించలేదు. ఈ రెండూ వంటగ్యాస్ లీకేజీని గుర్తించలేవు. సిలిండర్‌లోని ఎల్.పి.జి. గాలి కంటే బరువైనది, నేలబారుగా వ్యాపిస్తుంది. కనుక దాని డిటెక్టర్‌ను నేలకు సమీపంలో బిగించాలి. పైపుల ద్వారా సరఫరా అయ్యే సహజ వాయువు గాలి కంటే తేలికైనది. దాని డిటెక్టర్ పైకప్పుకు సమీపంలో ఉండాలి. సిలిండర్ నుంచి పైపుల గ్యాస్‌కు మారిన కుటుంబాలు పాత డిటెక్టర్‌ను అదే చోట ఉంచుకోవడం వల్ల ప్రయోజనం ఉండదు. కార్బన్ మోనాక్సైడ్ బరువు ఇంచుమించు గాలితో సమానం. అది గదిలోని గాలితో కలిసిపోతుంది కనుక దాని పరికరాన్ని తయారీదారు సూచించిన ఎత్తులో అమర్చితే చాలు.

ఎక్కడ అమర్చాలి

ప్రతి పడకగదిలోను, పడకగదుల వెలుపల నడవలోను, ఇంటిలోని ప్రతి అంతస్తులోను ఒక్కొక్క పొగ పరికరం ఉండాలి. కార్బన్ మోనాక్సైడ్ పరికరం పడకగదులకు సమీపంలో ఉండాలి. పొగ పైకి లేస్తుంది కనుక దాని పరికరానికి పైకప్పు సరైన స్థానం. గోడకు బిగించవలసి వస్తే పైకప్పు నుంచి 12 అంగుళాల లోపు ఉండాలి. పొయ్యికి కనీసం పది అడుగుల దూరం పాటిస్తే తాలింపు పొగకు అనవసరంగా మోగదు. ఇదే కారణంగా అగరుబత్తీలు, సాంబ్రాణి వెలిగించే పూజ గదికి కూడా దూరంగా అమర్చడం మంచిది. సీలింగ్ ఫ్యాన్ రెక్కల అంచుకు, ఏ.సి. గాలి వెలువడే చోటుకు కనీసం మూడు అడుగుల ఎడం అవసరం. లేనిపక్షంలో పొగ పరికరాన్ని చేరకుండా గాలికి చెదిరిపోతుంది. ఇంటికి రంగులు వేసే సమయంలో పరికరానికి తొడిగిన ప్లాస్టిక్ కవరును పని ముగియగానే తొలగించడం మరువరాదు.

కొత్తవి కొనేటప్పుడు అవకాశం ఉన్నవారు ఒకదానితో ఒకటి అనుసంధానమయ్యే పరికరాలను ఎంచుకోవాలి. కింది అంతస్తులో పొగ రాగానే పై అంతస్తులోని పరికరం కూడా మోగుతుంది. పొగ పరికరాలకు ఇ.ఎన్. 14604 లేదా యు.ఎల్. 217, కార్బన్ మోనాక్సైడ్ పరికరాలకు ఇ.ఎన్. 50291 లేదా యు.ఎల్. 2034 ప్రమాణాల గుర్తును పరిశీలించి కొనుగోలు చేయాలి.

అపార్టుమెంట్లలో బాధ్యత

ఎత్తయిన నివాస భవనాలు 1999 నాటి అగ్నిమాపక సేవల చట్టం పరిధిలోకి వస్తాయి. వాటికి అగ్నిమాపక శాఖ నిరభ్యంతర పత్రం అవసరం. భారతీయ ప్రమాణాల సంస్థ వెలువరించిన 2016 జాతీయ భవన నిర్మాణ స్మృతి నాలుగవ భాగం అగ్ని భద్రతను వివరిస్తున్నది. ఐ.ఎస్. 2189 ప్రమాణం అగ్నిని గుర్తించే వ్యవస్థల ఎంపిక, అమరిక, నిర్వహణలను నిర్దేశిస్తున్నది. ఇటువంటి భవనాలలోని డిటెక్టర్లు ఒక కేంద్ర ప్యానెల్‌కు అనుసంధానమై ఉంటాయి. వీటిని నివాసితులు స్వయంగా విప్పరాదు. వాటి సున్నితత్వాన్ని నిపుణులు నిర్ణీత కాలంలో పరీక్షించి, తయారీదారు గడువును బట్టి మార్చవలసి ఉంటుంది. వార్షిక నిర్వహణ ఒప్పందంలో ఈ అంశం స్పష్టంగా ఉన్నదా లేదా అన్నది నివాసితుల సంక్షేమ సంఘాలు పరిశీలించాలి. మోత భరించలేక ప్యానెల్‌ను నిలిపివేసి ఉంచడం వందలాది ప్రాణాలతో చెలగాటమాడటమే.

చిన్న అపార్టుమెంట్లు, స్వతంత్ర గృహాలు, ఇరుకు సందులలోని పాత భవనాలలో ఇటువంటి ఏర్పాట్లు సాధారణంగా కనిపించవు. ఇక్కడ ఇంటి యజమాని చొరవే ఆధారం. అద్దె ఇంటిలో దిగేవారు నీరు, విద్యుత్ గురించి విచారించినట్లే పొగ పరికరం ఉన్నదా, దాని తేదీ ఏమిటి అని కూడా విచారించాలి. తనిఖీలకు వెళ్లే అధికారులు పరికరాల సంఖ్యతో పాటు వాటి తయారీ తేదీలను కూడా నమోదు చేయడం వల్ల తనిఖీకి సార్థకత చేకూరుతుంది. అగ్ని ప్రమాద వార్తలు రాసే పాత్రికేయులు కారణం, నష్టం వివరాలతో పాటు ఆ ఇంటిలో హెచ్చరిక పరికరం ఉన్నదా, అది మోగిందా అన్న ప్రశ్నను కూడా లేవనెత్తగలిగితే ప్రజలలో చైతన్యం పెరుగుతుంది.

అలారం మోగినప్పుడు

పొగ అలారం మోగిన వెంటనే వస్తువుల కోసం వెదకకుండా, వంగి నడుస్తూ, వెనుక తలుపులు మూస్తూ మెట్ల మార్గం ద్వారా వెలుపలికి రావాలి. లిఫ్టు వాడరాదు. వెలుపలికి వచ్చిన తరువాత 101 లేదా 112 నంబరుకు ఫోను చేయాలి. కార్బన్ మోనాక్సైడ్ అలారం మోగితే అందరూ ఆరుబయటకు వచ్చి, అస్వస్థతకు గురైనవారి కోసం 108 అంబులెన్సును పిలిపించాలి. కోవిడ్ కాలంలో చాలా ఇళ్లలోకి చేరిన పల్స్ ఆక్సీమీటర్‌ను ఈ సందర్భంలో నమ్మరాదు. అది కార్బన్ మోనాక్సైడ్ పట్టిన రక్తాన్ని కూడా ఆక్సిజన్ నిండిన రక్తంగా చూపిస్తుంది. ఎల్.పి.జి. లీకైనప్పుడు విద్యుత్ స్విచ్‌లను తాకకుండా రెగ్యులేటర్ కట్టివేసి, తలుపులు, కిటికీలు తెరచి, వెలుపలికి వచ్చి 1906 నంబరుకు తెలియజేయాలి.

పాత పరికరాలను ఏం చేయాలి

ఎలక్ట్రానిక్ వ్యర్థాలను చెత్తబుట్టలో వేయకుండా అధీకృత సేకరణ కేంద్రాలకు అప్పగించడం పౌరుల బాధ్యత. వీటి నిర్వహణకు సంబంధించి 2022 నాటి నిబంధనలు 2023 ఏప్రిల్ 1 నుంచి అమలులోకి వచ్చాయి. అయొనైజేషన్ రకం పరికరాన్ని ఏ పరిస్థితిలోనూ పగులగొట్టరాదు, పాత సామాన్ల వారికి అమ్మరాదు. దానిని సరఫరాదారుకే తిరిగి అప్పగించాలి.

ఏటా రెండు తేదీలు

నెలకు ఒకసారి పరీక్ష బటన్ నొక్కి చూడటం, అప్పుడప్పుడు మెత్తని బ్రష్‌తో దుమ్ము తుడవడం ప్రతి కుటుంబానికీ అలవాటు కావాలి. ఏటా రెండు సందర్భాలలో తేదీని కూడా పరిశీలిస్తే గడువు మరచిపోయే ప్రసక్తి ఉండదు. మొదటిది అగ్నిమాపక సేవా వారోత్సవం. 1944 ఏప్రిల్ 14న బొంబాయి ఓడరేవులో పేలుళ్ల అనంతరం మంటలను ఆర్పుతూ ప్రాణాలర్పించిన అగ్నిమాపక సిబ్బంది స్మృత్యర్థం ఏటా ఏప్రిల్ 14 నుంచి 20 వరకు ఈ వారోత్సవాన్ని నిర్వహిస్తున్నారు. రెండవది భోగి. పనికిరాని పాత వస్తువులను ఇంటి నుంచి తీసివేసే ఆచారం మనకు తరతరాలుగా ఉంది. చలికి తలుపులు మూసుకొనే రోజులు కూడా అవే. ఆ రోజున పైకప్పు వైపు ఒకసారి చూసి, గడువు తీరిన పరికరాన్ని తీసి కొత్తది బిగించుకోవడం సముచితం. అయితే తీసిన పరికరాన్ని భోగి మంటలో మాత్రం వేయరాదు. అది చేరవలసినది సేకరణ కేంద్రానికి.