జేబులో తాళంచెవి, వాకిట్లో కారు

బ్యాంకులో లాకరు తెరవాలంటే రెండు తాళంచెవులు కావాలి. ఒకటి ఖాతాదారుది, రెండవది మాది. ఈ పద్ధతికి ఏళ్ళ తరబడి అలవాటుపడ్డ నాకు, జేబులోంచి చెవి తీయకుండానే తెరుచుకునే కొత్త కార్లంటే కాస్త అనుమానమే. తిరుపత్తూరు, వేలూరు, గుడియాత్తంలలో మనవాళ్ళ ఇళ్ళ ముందు ఇవి బాగానే కనిపిస్తున్నాయి కనుక వాటి సంగతి చెబుతాను.

మీరు తలుపు పిడి పట్టుకోగానే, కొద్ది అడుగులు మాత్రమే పోయే రేడియో పిలుపును కారు పంపుతుంది. జేబులోని ఫాబ్ అది విని రహస్య సంకేతంతో జవాబిస్తుంది. ఆ సంకేతం ప్రతిసారీ మారుతుంది కనుక కాపీ కొట్టడం కష్టం. దొంగలు ఆ జోలికే పోరు. ఒకడు పరికరంతో మీ ఇంటి తలుపు దగ్గర, ఇంకొకడు కారు దగ్గర నిలబడి, కారు పిలుపును లోపలి ఫాబ్‌కూ, దాని జవాబును తిరిగి కారుకూ చేరవేస్తారు. ఫాబ్ పక్కనే ఉందని కారు నమ్మేస్తుంది. తలుపు తెరుచుకుంటుంది, ఇంజనూ స్టార్టవుతుంది. సంతకం అసలుదే, పెట్టిన మనిషే కౌంటరు దగ్గర లేడు!

జ్యూరిచ్‌లోని ఈటీహెచ్ పరిశోధకులు 2011లోనే ఎనిమిది కంపెనీల పది మోడళ్ళపై ఇది చేసి చూపారు. జర్మనీ మోటారు సంఘం ఏడీఏసీ 2016లో 24 కార్లను ఇలాగే తెరిచి చూపింది. తరువాత కొన్ని కంపెనీలు, కదలకుండా ఉంటే నిద్రపోయే ఫాబ్‌లనూ, జవాబుకు పట్టిన సమయాన్నిబట్టి దూరం కొలిచే పద్ధతినీ తెచ్చాయి. మీ కారులో అవి ఉన్నాయేమో డీలరును అడగండి.

మన వీధుల్లో చాలా ఇళ్ళకు కాంపౌండే ఉండదు. తాళాల గుత్తి గుమ్మం పక్క మేకుకు, కారు గోడ అవతల. ఫాబ్‌ను లోపలి గదిలో, మూత బిగువుగా పట్టే ఎవర్‌సిల్వర్ డబ్బాలో పెట్టండి. కారుకు తాళం వేసి, డబ్బా చేత పట్టుకుని వెళ్ళి పిడి లాగి చూడండి. తెరుచుకుంటే డబ్బా మార్చాలి. రెండో ఫాబ్‌కూ ఇదే జాగ్రత్త. కారు పోతే బీమావారు రెండూ అడుగుతారు. స్టీరింగుకు వేసే పాతకాలపు ఇనుప తాళం చూడటానికి మోటుగా ఉన్నా, దాన్ని ఏ రేడియో తరంగమూ విప్పలేదు.

దొంగల మాట అటుంచితే, నన్ను ఎక్కువగా భయపెట్టేది చెవి తిప్పే అలవాటు పోవడం. 2025 మేలో విజయనగరం దగ్గర ద్వారపూడిలో, తాళం వేయని కారులోకి ఆడుకుంటూ ఎక్కిన నలుగురు పిల్లలు తలుపులు మూసుకుపోయి ప్రాణాలు కోల్పోయారు. మన వేలూరు ఎండలు తెలిసినవే. తాళం దానంతటదే పడిందనుకోకుండా పిడి లాగి చూసి కదలండి. అమెరికాలో ఉన్న మన పిల్లలకు ఇంకో మాట చెప్పాలి. ఫాబ్ జేబులో వేసుకుని, ఇంజను ఆపకుండానే ఇంట్లోకి వెళ్ళిపోయినవారు అక్కడున్నారు. గ్యారేజీ నుంచి విషవాయువు ఇంట్లోకి పాకి, 2006 నుంచి రెండు డజన్లకు పైగా చనిపోయారని 2018లో న్యూయార్క్ టైమ్స్ రాసింది.

చాలా ఫాబ్‌లలో చిన్న ఇనుప చెవి దాగి ఉంటుంది. బ్యాటరీ అయిపోతే అదే గతి. ఎలా తీయాలో ఇంట్లో అందరికీ చూపించండి. ఎండలో ఉన్న కారులో పిల్లవాడు చిక్కుకుని, తలుపు తెరవలేకపోతే మెకానిక్ కోసం ఆగవద్దు. పిల్లవాడికి దూరంగా ఉన్న పక్క అద్దాన్ని మూల దగ్గర కొట్టండి. ముందు అద్దం అంత సులభంగా పగలదు.