ఐకిదో అను జపాను విద్య

ఒక బలిష్ఠుడు వచ్చి మన ముంజేతిని గట్టిగా పట్టుకొనెననుకొనుడు. మనమేమి చేయుదుము? చేతిని వెనుకకు లాగికొందుము. అతడును లాగును. ఇక నది రెండు బలముల తగవు. ఎవని కండ పెద్దదో వాడు గెలుచును. పిన్నవాడు, ముసలివాడు, ఆకలిగొన్నవాడు ఓడిపోవుదురు. ఈ లెక్క తప్పదని లోకమంతయు నమ్మియున్నది. జపాను దేశమున పుట్టిన ఐకిదో అను విద్య ఈ లెక్కను వేరొక విధముగా కట్టును. పట్టుబడిన చేతిని ఉన్నచోటనే ఉండనిచ్చి, మన శరీరమును మాత్రము దానిచుట్టు త్రిప్పుట అందలి మొదటి పాఠము. అది యెట్లు సాధ్యమగునో, ఇద్దరు కలిసి దాని నెట్లు అభ్యసింతురో నేడు విన్నవించెదను.

ముందు పేరును గూర్చి ఒక మాట. మనవారు 'ఐకిడో' అని వ్రాయుట కలదు గాని, జపానువారు పలుకునది దకారమే. 'ఐ' యనగా కూడిక, పొందిక. 'కి' యనగా ఇంచుమించుగా మనము ప్రాణమనునది. 'దో' యనగా మార్గము. జూడో అను పేరిలోని చివరి అక్షరమును ఇదియే. ప్రాణమును ప్రాణముతో పొందించు మార్గమని తాత్పర్యము. జపాను భాషలో ప్రేమకును 'ఐ' అనియే పేరు. లిపిలో అక్షరము వేరు, వినుటకు శబ్దమొకటే. ఈ శ్లేషను విద్యాకర్తయే స్వయముగా ఎత్తిచూపుచుండెను.

ఆ కర్త పేరు మొరిహేయి ఉయెషిబా. 1883లో తనాబే యను సముద్రతీరపు పట్టణమున జన్మించెను. బాల్యమున షింగోన్ శాఖకు చెందిన బౌద్ధాలయమున చదువుకొనెను. షింగోన్ అనగా సత్యవాక్కు; మన 'మంత్ర' శబ్దమునకు తూర్పు దేశములవారు చేసికొన్న అనువాదమది. 1912లో కొన్ని కుటుంబములను వెంటబెట్టుకొని ఉత్తరమున హొక్కాయిదో ద్వీపమునకు పోయి, మంచుదేశమున అడవి కొట్టి సేద్యము చేసెను. అచటనే 1915లో సోకాకు తకెదా అను గురువును కలిసికొని, దైతో సంప్రదాయపు పట్లను నేర్చెను. కీళ్లను మడచి మనుష్యుని లొంగదీయు పట్లవి. తరువాత ఒమోతో అను నూతన మతముతో పరిచయము కలిగి, యుద్ధవిద్య చంపుటకు గాదు, కాచుటకను తలంపు అతనిలో బలపడెను. 1927లో టోక్యో చేరి, 1931లో సాధనశాలను కట్టించెను. 1942 నుండి ఈ విద్యకు ఐకిదో అను పేరు స్థిరపడెను. మహాయుద్ధమున జపాను ఓడిన పిదప యుద్ధవిద్యలకు గడ్డుకాలము వచ్చినను, 1948లో ఈ సంప్రదాయపు సంఘమునకు ప్రభుత్వపు అంగీకారము లభించెను. 1935లో ఒసాకాలో తీసిన చలనచిత్రమొకటి నేటికిని నిలిచియున్నది. అందు పొట్టివాడైన ఈ గురువు తనపై బడు శిష్యులను ఒకరి వెంట నొకరిని పడవేయుచుండును.

'కి'ని గూర్చి అద్భుతములు చెప్పువారు చాలమంది కలరు. వానిని వారికే విడిచి, కంటికి కనబడు చలనమును మాత్రము చూతము. అందులోనే కావలసినంత అద్భుతము కలదు.

మనుష్యుడు రెండు కాళ్లమీద నిలుచు ప్రాణి. ముక్కాలిపీట ఎగుడుదిగుడు నేలపైనను కదలక నిలుచును. దాని కొక కాలు తీసివేసినచో పడిపోవును. మన స్థితి ఆ రెండుకాళ్ల పీట స్థితియే. నిలుచున్నవాని రెండు పాదములను కలుపుచు నేలపై నొక గీత గీయుడు. ఆ గీత వెంబడి త్రోసినచో అతడు ఓర్చుకొనగలడు. ఆ గీత కడ్డముగా, దాని నడుమనుండి ముందునకో వెనుకకో కొంచెము త్రోసినను అడుగు కదల్పక తప్పదు. లేని మూడవకాలు ఎచట నుండవలసినదో అచటికే దేహము ఒరగును. ఎంతటి మల్లునికైనను ఈ రెండు దిక్కులు తప్పవు. అతడు పాదములను మార్చి నిలిచినచో ఆ దిక్కులును మారునేగాని తొలగిపోవు. ఐకిదోలోని పడవేతలన్నియు ఈ దిక్కులను వెదకుకొనుటయే. ఎదుటివాని నిలుకడను ముందు చెరిపి, ఆ పిమ్మట పడవేయవలెనను నియమము జూడోలోను కలదు. నిలుకడ చెడనివానిని ఎత్తిపడవేయుటకు ఎద్దుబలము కావలెను. చెడినవానికి పసివాని చేయి చాలును.

తన నిలుకడను కాచుకొనుటకు సాధకుడు 'హన్మి' అను నిలుపును అలవరచుకొనును. హన్ అనగా సగము, మి అనగా దేహము. ఒక కాలు ముందు, వేరొకటి వెనుక, దేహము కొంచెము ఏటవాలు. ఎదుటివానికి సగము దేహమే లక్ష్యముగా కనబడును. ఇట్లు నిలిచినవాడు ముందునకుగాని ప్రక్కకుగాని వెంటనే జరుగగలడు. ఇద్దరి నడుమ దూరమునకును ఒక కొలత కలదు. ఎదుటివాడు ఒక అడుగు వేసినగాని మనలను తాకజాలనంత యెడము ఉంచవలెను. ఆ అడుగు వేయునప్పుడే అతని యుద్దేశము మనకు తెలియును.

ఇక చలనములు. ఇవి ప్రధానముగా రెండు. 'ఇరిమి' యనగా లోనికి చొచ్చుట. 'తెన్కన్' అనగా తిరుగుట. ఈ రెండును అర్థమైనచో తక్కినవన్నియు వీని కూర్పులే.

మొదట చెప్పిన పట్టునే తీసికొందము. ఎదుటివాడు కుడిచేతితో మన యెడమ ముంజేతిని పట్టుకొనెను. మన యెడమపాదము ముందున్నది. దానిని అతని కుడిపాదమునకు వెలుపలివైపున కొంచెము ముందునకు జరుపుడు. ఆ పాదముమీదనే తిరుగుచు, కుడికాలిని వెనుకగా చుట్టి తెండు. ఇప్పుడు మనమతని ప్రక్కనే నిలిచి, అతడు చూచు దిక్కునకే చూచుచుందుము. పట్టుబడిన చేయి అరచేయి పైకి తిరిగి మన బొడ్డు ఎదుట నున్నది. దానిని మనము లాగలేదు, విదిలింపలేదు. తిరుగలి చూడుడు: నడిమి మేకు కదలదు, రాయి దానిచుట్టు తిరుగును. ఇచట పట్టుబడిన ముంజేయియే మేకు, మన దేహమే రాయి. అతడు మనలను త్రోయుచుండెనా, ఆ త్రోపు ఇప్పుడు ఎవరును లేని చోటికి పోవుచున్నది. దానికి మనము కొంచెము దారి చూపినచో అతని నిలుకడ తానుగా చెడును. ఎదురుగా నిలిచి అతనితో తగవాడుచున్నవారము, ఒక్క అడుగుతో అతని ప్రక్కన నిలిచి అతని దారినే నడచువారమైతిమి. ఈ విద్యకు ప్రాణమిదియే యని నా యభిప్రాయము.

రెండవది చొచ్చుట. ఎదుటివాడు చేతిని కత్తివలె ఎత్తి మన నడినెత్తిపై కొట్టవచ్చుచున్నాడు. ఈ దెబ్బ ఖడ్గవిద్యనుండి వచ్చినది. ఐకిదోలో చేతిని కత్తిగా భావించి వాడుట అడుగడుగున కనబడును. దెబ్బను చూచి వెనుకకు తగ్గుట మన స్వభావము. తగ్గినవానిని కత్తి వెంటాడును. సాధకుడు వెనుకకు పోడు, ఎదురును నిలువడు. కత్తి దిగు గీతనుండి కొంచెము ప్రక్కకు తొలగి ముందునకే పోయి, కొట్టువాని భుజము వెనుక నిలుచును. దెబ్బ నేలకు పోవుచుండును. కొట్టినవాని చూపు అందని ఆ మూలను జపానువారు మృతకోణమని అందురు. అచటినుండి అతనికి మనపై అధికారము లేదు, మనకతనిపై కలదు. దీనికి ఎంతో బలము అక్కరలేదుగాని, దెబ్బవైపునకే అడుగు వేయుటకు గుండె కావలెను. సాధకుని యేండ్లలో చాలభాగము ఈ యడుగునకే ఖర్చగును.

ఈ రెండింటిలోను చేతులు తమంత తాము పనిచేయవు. జపానువారు బొడ్డుక్రింద నొక స్థానమును దేహమునకు నడిబొడ్డుగా నెంచుదురు. నడుము తిరిగినపుడు చేయి తిరుగవలెను. చేయి ఎల్లప్పుడును ఆ స్థానమున కెదురుగానే ఉండవలెను. ప్రక్కకు పోయిన చేతికి చేతిబలమే ఉండును. ఎదుటనున్న చేతివెనుక దేహభారమంతయు ఉండును. బావిలో చేద తోడువారికి ఈ భేదము చెప్పనక్కరలేదు.

ఇద్దరు కూడి చేయు సాధన వేరొక విశేషము. గురువు ఒక ప్రయోగమును చూపును. శిష్యులు జతలుగా కూర్చుండి, ఒకరికొకరు వంగి నమస్కరించి మొదలిడుదురు. పడవేయువానికి 'నగే' యనియు, పట్టుకొని లేక కొట్టి ఆ పిమ్మట పడువానికి 'ఉకే' యనియు పేర్లు. ఉకే యన్న మాటకు స్వీకరించువాడని యర్థము. ముందుగా మీదికి వచ్చినవాడు అతడే అయినను, అతని పేరు మాత్రము స్వీకర్త. ఏలయన ప్రయోగమును తన దేహముమీద స్వీకరించి, అందలి తప్పొప్పులను ముందుగా ఎరుగువాడు అతడే. సాధారణముగా కుడియెడమల మార్చి నాలుగుమారులు ఒకడు పడవేయును. తరువాత పాత్రలు మారును. నాలుగు పడవేతలకు నాలుగు పాట్లు, బాకీ నిలువదు.

కావున పడుటయు ఒక విద్యయే. వెనుకకు పడువాడు గడ్డమును రొమ్మువైపు ముడిచి, తన నడికట్టును చూచుచు, వీపును గుండ్రముగా చేసి దొర్లును. తల నేలను తాకరాదు. ముందునకు పడువాడు చిటికెనవ్రేలి అంచునుండి ముంజేయి, భుజము, అచటినుండి వీపున కడ్డముగా రెండవవైపు నడుము వరకు బండిచక్రమువలె దొర్లి లేచును. తొలిదినములలో నేర్పునది ఇదియే. పడవేయుట తొందరపడి నేర్చినవాడు తన తోటివానికి అపాయకారి.

ఇది మాటవరుసకు చెప్పునది కాదు. షిహోనగే యను ప్రయోగము కలదు. తోటివాని మణికట్టును పట్టి, దానిని మన నుదుటికెదురుగా ఎత్తి, దానిక్రిందుగా దూరి తిరిగి, కత్తితో కొట్టినట్లు క్రిందికి దింపవలెను. అతని చేయి అతని భుజమునకు దగ్గరగా మడచియుండగా దింపినచో అతడు సుఖముగా వెనుకకు కూలును. అహంకారముతో వెలుపలికి లాగి విసరినచో మోచేయి చెడును, తల వెనుకభాగము నేలను కొట్టుకొనును. జపానులో ఈ ప్రయోగమువలననే ప్రాణములు పోయిన సందర్భములు కలవు. క్రొత్తగా చేరిన పిల్లలపై పెద్దవిద్యార్థులు తమ ప్రతాపమును చూపబోయిన చోట్ల భయము మరింత. తోటివాడు తన మణికట్టును మన చేతిలో పెట్టుట అప్పు ఇచ్చుటవంటిది. దానిని చెడగొట్టక తిరిగి ఇయ్యవలెను.

ఇంతవరకు విన్నవారికి ఒక సందేహము కలిగియుండును. పడవలెనని ముందే ఒప్పుకొన్నవానిని పడవేయుటలో విద్య ఏమున్నది, ఇది నాటకముగదా యని. ఈ యాక్షేపణ జపానులోనే పుట్టినది. జూడో స్థాపకుడైన జిగోరో కానోకును ఉయెషిబాకును శిష్యుడైన కెంజి తోమికి, పోటీ లేనిదే నిజము తేలదని తలంచి తన శాఖలో పోటీలను ప్రవేశపెట్టెను. ఉయెషిబా పోటీని అంగీకరింపలేదు. అతని వంశమువారి శాఖలో నేటికిని పోటీలు లేవు. గెలువవలెనను తలంపుతోడనే ఎదుటివాడు మరల శత్రువగునని అతని వాదము.

నాకు తోచినంతవరకు ఆక్షేపణలో సగము సత్యము కలదు. తాకకమునుపే దొర్లిపోవు తోటివాడు పడవేయువానిని మోసగించుచున్నాడు. తన కేమియు రాకున్నను అంతయు వచ్చెనను భ్రమను అతనికి కలిగించుచున్నాడు. అట్లని కదలక మొద్దువలె బిగిసి నిలుచుటయు సరిగాదు. ఏ ప్రయోగము రానున్నదో ముందే ఎరిగి అడ్డగించుట ఎవనికైనను సులభమే. స్వీకర్త చేయవలసినది వేరు. అతని దెబ్బ నిజమైన దెబ్బ కావలెను. ఎదుటివాడు తొలగనిచో నెత్తికి తగులవలెను. తగిలిన పిమ్మట తన నిలుకడ నిజముగా చెడినంతవరకే పడవలెను, చెడకున్న నిలువవలెను. ఇట్టి సత్యవంతుడు తోడు దొరకినచో పోటీ లేకయే విద్య పరీక్షింపబడును. అట్టివాడు ఎక్కడనైనను అరుదే.

మన వయస్సువారికి పడుటయన్ననే భయము. అందువలన ఈ పాట్లను గురువు లేక ఇంటికడ ప్రయత్నింపవలదని చెప్పుట నా విధి. మేకుచుట్టు తిరుగలివలె తిరుగు ఆ మొదటి పాఠమును మాత్రము మనుమనిచేత ముంజేతిని పట్టించుకొని, మెల్లగా, నేల ఒప్పుగానున్నచోట చూచుకొనవచ్చును.

ఉయెషిబా 1969లో, ఎనుబదియైదేండ్లు నిండిన పిదప మరణించెను. ఎనుబది దాటిన తరువాతను పడుచు శిష్యులతో సాధన చేయుచునే యుండెను. అతని పిదప కుమారుడు కిష్షోమారు 1999 వరకు సంప్రదాయమును నడిపెను. ఆ శాలలలో వయస్సునుబట్టి గాని బరువునుబట్టి గాని జతలు వేరుచేయరు. అరువదియేండ్లవానికి ఇరువదియేండ్లవాడు జతగా రావచ్చును. పెద్దవాడు నాలుగుమారులు పడవేసి, లేచి, తన ముడుతలుపడిన చేతితో పడుచువాని మణికట్టును పట్టుకొనును. ఇప్పుడు పడువాడు అతడు. ఆ దేహము ఎంతవరకు ఓర్చుకొనునో అంతవరకే, దెబ్బ తగులకుండ దానిని నేలకు దింపుట పడుచువాని పాఠము.