చలిజ్వరాన్ని పట్టే జింకు పోగు - కూలీల షెడ్డు దాకా రావాలి

మాదాపూర్‌లో అద్దాల మేడలు లేపింది ఎవరు? పాలమూరు నుంచి, శ్రీకాకుళం నుంచి, ఒడిశా, బీహారు నుంచి వచ్చిన కూలి జనం. ఊళ్లో పనుల్లేని నెలల్లో మన వ్యవసాయ కూలీలే అక్కడ ఇటుకలు మోస్తారు, స్లాబులు పోస్తారు. పునాది గుంటల్లో, మూతల్లేని డ్రమ్ముల్లో నీళ్లు నిలిస్తే దోమ పెరుగుతుంది. రేకుల షెడ్డులో పడుకున్నవాడికి చలిజ్వరం తగులుతుంది. జ్వరమొస్తే ఆ పూట కూలి లేదు. అదే జ్వరంతో ఊరికి చేరితే అక్కడా అంటుతుంది.

ఈ జబ్బు గుట్టు బయటపడింది ఈ నగరంలోనే. 1897 ఆగస్టు 20న సికింద్రాబాదులో రొనాల్డ్ రాస్ దోమ కడుపులో మలేరియా క్రిమిని చూశాడు. ఆ దోమలతో కుట్టించుకున్నది హుసేన్ ఖాన్ అనే రోగి. దోమకు అణా చొప్పున ఇచ్చారు. 1902లో నోబెల్ బహుమతి మాత్రం రాస్‌కు దక్కింది.

ఇప్పుడు సంగారెడ్డి దగ్గర కందిలోని ఐఐటీ హైదరాబాద్ పరిశోధకులు మలేరియాను ముందే కనిపెట్టే దారి వెతికారు. 2016లో ప్రచురించిన ఆ పరిశోధనకు ముడిసరుకు జింకు ఆక్సైడు. జింకు మనకు కొత్తదా? వరి ఆకుల మీద తుప్పు మచ్చలొస్తే జింకు సల్ఫేటు వేస్తాం. చర్మానికి రాసే తెల్ల పూతమందుల్లో ఉండేది జింకు ఆక్సైడే.

జింకు కలిసిన జిగురు ద్రావణాన్ని సూది మొన నుంచి హైవోల్టేజి కరెంటుతో లాగితే సాలీడు దారం లాంటి పోగు వస్తుంది. దాన్ని కాలిస్తే జిగురు పోయి జింకు ఆక్సైడు మిగులుతుంది. ఇందులో కొంచెం రాగి కూడా కలిపారు. మిల్లీమీటరును 10 లక్షల భాగాలు చేస్తే ఒక భాగం నానోమీటరు. పోగు మందాన్ని ఆ లెక్కలోనే చెప్పాలి. సన్నబడే కొద్దీ అదే బరువుకు పైభాగం పెరుగుతుంది, పట్టుకునే చోటు పెరుగుతుంది.

అసలు కిటుకు పైపూతలో ఉంది. వట్టి జింకు ఆక్సైడుకు ఏ జ్వరమో తేడా తెలియదు. అందుకే పోగు మీద రెండు చేతులున్న రసాయనాన్ని ఒక్క అణువు మందాన పూస్తారు. ఒక చెయ్యి పోగును పట్టుకుంటుంది, రెండో చేతికి యాంటీబాడీని తగిలిస్తారు. ప్రాణం మీదికి తెచ్చే ఫాల్సిపేరం మలేరియా క్రిమి నెత్తుట్లో హెచ్‌ఆర్‌పి-2 అనే మాంసకృత్తును విడుస్తుంది. యాంటీబాడీ దాన్ని పట్టగానే కరెంటు తీరు మారుతుంది, మీటరు చెబుతుంది.

ఆశా కార్యకర్తల దగ్గరున్న పట్టీ పరీక్షా ఈ మాంసకృత్తునే వెతుకుతుంది. కాని అది మరీ కొద్దిగా ఉంటే పట్టీకి దొరక్కపోవచ్చు. ఆ కొద్దినీ పట్టాలన్నదే ఈ ప్రయత్నం. లోపమూ చెప్పుకోవాలి. ఈ మాంసకృత్తు లేని క్రిమి రకాలున్నాయి, వైవాక్స్ మలేరియాలోనూ ఇది ఉండదు. కనుక నెత్తుటి చుక్కను మైక్రోస్కోపు కింద చూడడం మానరాదు.

ప్రజల సొమ్ముతో నడిచే సంస్థలో పుట్టిన విద్య ప్రజలకే చెందాలి. కాగితాల్లో మిగిలితే కూలికి ఒరిగేదేమిటి? కంపెనీ సరుకై ఖరీదు పెరిగితే మనకందేదేమిటి? అందుకే మనం అడగాలి:

ఏజెన్సీ గ్రామాల్లో, నగరపు కూలి షెడ్లలో దీన్ని పరీక్షించి, పనికొస్తే ప్రభుత్వమే తయారు చేయించి ఉచితంగా ఇవ్వాలి. పరీక్ష రోజున కూలి కోయరాదు. నీళ్లు నిలవకుండా చూసే బాధ్యత కాంట్రాక్టరుదే కావాలి.

మేడలు కట్టే చేతులకు చలిజ్వరం మిగలడం రాత కాదు, దానికి మందుంది. ఆ మందు వేళకు అందాలంటే పరీక్ష పనిచోటికే రావాలి. సంఘంలో కలిసి అడుగుదాం.